మూడో నంబరు వీపు

పదకొండేళ్లు నీ వీపు చూశాను చెంగల్రాయుడూ.
చెమటకి మూడో నంబరు అంటుకుపోయి
వెన్నుపూసలు లెక్కపెట్టేంత దగ్గర నుంచి.
ఎడమ భుజం కాస్త పల్లం.
పుళియాంతోపు గోడౌన్లో బస్తాలు మోసిన పల్లం అది,
తర్వాత ఎన్ని గుడ్లు పెట్టినా పూడలేదు.

గోల్‌కీపర్‌కి దక్కేది అంతే.
ముందుకెళ్లేవాళ్ల ముఖాలు పేపర్లో పడతాయి,
నాకు వీపులు.

నిన్ను తెచ్చింది ఫోర్‌మన్ రొజారియో.
గోడౌన్ వెనక సందులో, కొబ్బరిమట్టతో
పిల్లల బంతిని ఆపుతుంటే చూశాడట.
కొట్టడం కాదు, ఆపడం.
"కొట్టేవాళ్లు వీధికి పదిమంది" అన్నాడు.
మర్నాడే పెరంబూరు వర్క్‌షాపు మస్టర్లో నీ పేరు:
ఖలాసీ, నెలకి తొంభై రెండు రూపాయలు,
రోజుకి రెండు గుడ్లు, అరసేరు పాలకి టోకెను.
ఆడితే డబ్బులిస్తారంటే మీ అమ్మ నమ్మలేదు.
మొదటి జీతం కవరు ఎవరిదో కొట్టేశావనుకుని
తిరిగిచ్చేయడానికి ఫోర్‌మన్ ఇంటికి నడిచి వచ్చింది.

మధ్యాహ్నం దాకా రివెట్లు, మూడింటి నుంచి మైదానం.
కోలారు, బెజవాడ, బొంబాయి,
పాసు మీద థర్డ్ క్లాసులో, కర్రల కట్ట తలకింద దిండు.

గ్యాలరీ నీకు గేటని పేరు పెట్టింది.
ఇరవై అయిదు గజాల గీత దాటి ఎవడైనా వస్తే
"గేటు పడిందిరోయ్!" అని ఒకటే కేకలు.
ఆ వచ్చినవాడు
సైకిల్ దిగి నిలబడ్డవాడిలా నిలబడిపోయేవాడు.

షార్ట్ కార్నర్‌కి
గీత మీద నుంచి బంతికి ఎదురుగా నీ పరుగు.
ముఖానికి ముసుగు లేదు,
కాళ్లకి అరటిదొప్పల్లాంటి ప్యాడ్లు.
రాత్రికి రాయపురం నుంచి రిక్షాలో వచ్చేది
చేపల ఐసు గడ్డ, రంపపు పొట్టులో, గోనెపట్టాలో.
బకెట్లో కాలు ముంచి
"కాలు వంజరం వాసనొస్తోందిరా ఏసురత్నం" అని నవ్వేవాడివి.
నవ్వు వినడమే.
ఆ గదికి ఒక్క బల్బు చాలేది కాదు.

మొన్న స్కోరు పుస్తకం తిరగేశాను.
గోలుకి గడి ఉంది. కొట్టినవాడి పేరుకి గడి ఉంది.
ఆపినదానికి లేదు.
పదకొండేళ్లలో నువ్వున్నది ఒక్కచోటే:
ఎగ్మూరు, బ్యాంకువాళ్లతో ఫైనల్,
నీ కర్రకి తగిలి మన గోల్లోకే వెళ్లిన బంతి.
రాసినవాడు అదీ సరిగ్గా రాయలేదు,
చెంగల్రావు అన్నాడు.

ఆ రోజు నా వైపు తిరిగావు.
ఆట మధ్యలో నీ ముఖం కనబడిందంటే
బంతి వలలో ఉన్నట్టే.
మీసం మీద మట్టి, నోరు తెరుచుకుని,
షావుకారు వాకిట్లో బాకీదారు నిలబడ్డట్టు.
నేనేమీ అనలేదు. అనవలసింది.
బంతి తీసి నీ చేతికిచ్చాను, అంతే.

తర్వాత మోకాలు.
తర్వాత స్టోర్సులో గుమాస్తా కుర్చీ.
పాల టోకెను ఆపేశారని నువ్వు చెప్పలేదు,
మీ ఇంటి టీ చెప్పింది.

ఎగ్మూరులో పచ్చ తివాచీ పరిచారంటే
చూద్దామని వెళ్లాం.
నీళ్లు చల్లిన నైలాను గడ్డి, బంతి ఎగరనే ఎగరదు.
"దీన్ని ఆపడమేంటిరా, ఆగమంటే అదే ఆగుతుంది" అని
చెప్పులతోనే గీత దాకా నడిచావు.
వాచ్‌మన్ కుర్రాడు ఈల వేశాడు.
వెంటనే తప్పుకున్నావు.
నీకు తప్పుకోవడం కూడా వచ్చని
ఆ రోజే తెలిసింది నాకు.

ఇప్పుడు ఓట్టేరి టీకొట్లో
ఎదురెదురు స్టూళ్లు.
గ్లాసు దించి తలెత్తుతావు,
నీ ముఖం చూడగానే గుండె ఒక్క క్షణం జారుతుంది.
ఎవడు కొట్టాడు, ఎప్పుడు కొట్టాడు
అని వెనక్కి తిరిగి చూస్తాను.

రోడ్డు. బస్సు. అరటిపళ్ల బండి.

"ఏంట్రా చూస్తున్నావు?" అంటావు.
ఏం లేదు, బన్ను తిను.